కరెంటు బిల్లు తగ్గాలంటే ముందు మీటరు చూడండి

బిల్లు ఎక్కువొచ్చిందనగానే చాలా ఇళ్లలో ముందు లైట్ల మీద పడతారు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజూ ఆరు గంటలు వెలిగినా నెలకు కాలేది ఒకటిన్నర యూనిట్ పైచిలుకు, అంతే. అదే ఇంట్లో రోజుకు 16 గంటలు తిరిగే పాత ఫ్యాను ఒక్కటే 36 యూనిట్లు లాగేస్తుంది. 1000 వాట్లు గంటసేపు నడిస్తే 1 యూనిట్. వాట్లు, గంటలు రెండూ చూస్తేనే అసలు ఖర్చు ఎక్కడుందో తెలుస్తుంది. దానికి మీ మీటరే చాలు.

ఎలక్ట్రానిక్ మీటరు మీద ఆగి ఆగి మెరిసే చిన్న ఎర్ర లైటు ఉంటుంది. దాని దగ్గర 3200 అనో, 1600 అనో ఒక అంకె ముద్రించి ఉంటుంది. లైటు అన్నిసార్లు మెరిస్తే 1 యూనిట్ కాలినట్టు. ముందు ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపి, ఫ్రిజ్, ఇన్వర్టర్, సెట్‌టాప్ బాక్స్ ప్లగ్గులు తీసేసి ఐదు నిమిషాలు చూడండి. లైటు మెరవకూడదు. మెరుస్తోందంటే మీకు తెలియకుండా ఏదో నడుస్తోంది, లేదా వైరింగ్‌లో లీకేజీ ఉంది. అపార్టుమెంటులో అయితే వేరేవాళ్ల వాడకం మీ మీటరు మీద పడి ఉండొచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. లీకేజీ వల్ల డబ్బు పోవడమే కాదు, ప్రాణానికీ ప్రమాదం.

తర్వాత ఒక్కో వస్తువే ఆన్ చేసి, పదిసార్లు మెరవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్లో కొలవండి. మొదటి మెరుపును సున్నాగా లెక్కపెట్టండి, లేకపోతే లెక్క తేడా వస్తుంది. 3200 మీటరైతే 11,250ని ఆ సెకన్లతో భాగించండి, 1600 మీటరైతే 22,500ని. వచ్చినదే వాట్లు. 75 సెకన్లు పడితే 3200 మీటరు మీద అది 150 వాట్లు. ఫ్రిజ్‌ను మాత్రం కంప్రెసర్ నడుస్తున్నప్పుడే కొలవాలి.

ఇలా కొలిస్తే చాలా ఇళ్లలో మొదట దొరికేవి ఫ్యాన్లే. మామూలు సీలింగ్ ఫ్యాను 70 నుంచి 80 వాట్లు తీసుకుంటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లకు అటూఇటూ. 16 గంటల లెక్కన ఒక్క ఫ్యానుకు నెలకు 21 యూనిట్లు మిగులుతాయి. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు, ఎక్కువ గంటలు తిరిగే హాలు ఫ్యాను, పడకగది ఫ్యాను ముందు మార్చండి. బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్‌ను లైన్లోంచి తప్పించి నేరుగా స్విచ్‌కు కలపాలి. రెగ్యులేటర్ ఉంచేస్తే ఫ్యాను లోపలి సర్క్యూట్ బోర్డు పాడయ్యే ప్రమాదం ఉంది. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే పాత పెద్ద డబ్బా రెగ్యులేటర్నైనా తీసి స్టెప్ టైపు ఎలక్ట్రానిక్‌ది పెట్టండి. డబ్బా రెగ్యులేటర్ స్పీడు తగ్గించినప్పుడు మిగతా కరెంటును వేడిగా వదిలేస్తుంది. ముట్టుకుంటే కాలేది అందుకే.

ఫ్రిజ్ తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. తేలిగ్గా వచ్చేస్తే రబ్బరు గ్యాస్కెట్ వదులైందని అర్థం. ఈ పరీక్ష తలుపు నాలుగు వైపులా చేయాలి. గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉంచండి.

ఎవరూ పట్టించుకోనిది ఇన్వర్టర్ బ్యాటరీ. పాతబడిన బ్యాటరీ ఎంతసేపు చార్జ్ చేసినా నిండదు, అందుకే ఇన్వర్టర్ రోజంతా కరెంటు లాగుతూనే ఉంటుంది. కరెంటు పోకపోయినా బ్యాటరీ వేడిగా ఉంటున్నా, డిస్టిల్డ్ వాటర్ తరచూ తగ్గిపోతున్నా దాన్ని అనుమానించండి. సెట్‌టాప్ బాక్స్‌ను రిమోట్‌తో ఆపితే ఆగినట్టు కాదు. 10 వాట్ల బాక్స్ అలాగే ఉంటే నెలకు 7 యూనిట్లు.

15 లీటర్ల, 2000 వాట్ల గీజరు నీళ్లు కాగడానికి 18 నిమిషాలు చాలు, ఖర్చు 0.6 యూనిట్. పొద్దున వేసి మధ్యాహ్నం దాకా మరిచిపోవడమే నష్టం. ఏసీని 26 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకోండి, ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగండి. కొత్త ఏసీ కొంటుంటే లేబుల్ మీది వార్షిక యూనిట్లు 1600 గంటలకు లెక్కించినవని గుర్తుంచుకుని, మీ వాడకానికి తగ్గట్టు సరిచూసుకోండి. మోటారు అరగంటలో నింపే ట్యాంకుకు ఇప్పుడు ముప్పావుగంట పడుతుంటే ఫుట్‌వాల్వ్ (నీళ్లు పీల్చే పైపు అడుగున ఉండే వాల్వు), మోటారు కండెన్సర్ (కెపాసిటర్) చూపించండి. 1 హెచ్‌పీ మోటారుకు గంటకు సుమారు 1 యూనిట్ కాలుతుంది.

ఇక స్లాబు, అంటే ఎన్ని యూనిట్లు కాలితే ఏ రేటు పడుతుందనే లెక్క. తెలంగాణలో 2022 టారిఫ్ ప్రకారం 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 అయితే మొదటి 200 కూడా 5.10 చొప్పునే పడి 1,027.70 అవుతుంది. ఒక్క యూనిట్‌కు 207 రూపాయలు! నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం వర్తించే ఇంట్లో 200 దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో ఇలా ఒక్కసారిగా పెరగదు. కానీ 225 దాటాక 400 దాకా ప్రతి యూనిట్ 8.75 రూపాయలు కాబట్టి, 260 కాలే ఇంట్లో 35 తగ్గిస్తే 306 రూపాయలు మిగులుతాయి.

అందుకే రీడింగ్ తీసిన రోజు అంకె రాసుకుని, పదిహేనో రోజున మళ్లీ చూడండి. మీటరు తెర మారుతూ ఉంటుంది, పక్కన కెడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని ఉన్న అంకెనే తీసుకోవాలి. అప్పటికే 105 యూనిట్లు దాటితే నెలాఖరుకు 200 దాటేలా ఉన్నట్టు, కానీ మిగతా పదిహేను రోజుల్లో ఏసీ గంటలు తగ్గించుకోవడానికి ఇంకా సమయం ఉన్నట్టే.