నల్లులు: మందు కొట్టినా మళ్లీ ఎందుకు వస్తున్నాయి?

ఇంట్లో నల్లులు పడ్డాయన్న అనుమానం రాగానే చాలామంది బజారు నుంచి ఏదో ఒక మందు తెచ్చి పరుపు మీద చల్లుతారు. కొన్నాళ్లు హాయిగా నిద్రపడుతుంది, ఆ తరువాత బాధ మళ్లీ మొదటికి వస్తుంది. నల్లి కాపురం పరుపు పైభాగంలో ఉండదు. అది రాత్రివేళ వచ్చి, కొద్ది నిమిషాలు రక్తం తాగి, మంచం అతుకుల్లోకో సోఫా అడుగుకో వెళ్లిపోతుంది. అందువల్ల మందు కొనడానికి ముందు చేయవలసిన పని దాని నివాసాన్ని వెదకడం.

పొద్దున లేచేసరికి దద్దుర్లు కనిపిస్తున్నాయి

దుప్పటి కప్పని చేతుల మీద, మెడ మీద వరుసగానో గుంపుగానో దద్దుర్లు వస్తే నల్లులను అనుమానించవచ్చు గాని, దోమకాటు, గజ్జి కూడా దాదాపు అలాగే కనిపిస్తాయి. పైగా ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరిలో ఒకరికి ఒక్క మచ్చ కూడా రాకపోవచ్చు. కనుక తీర్పు ఒంటిని చూసి కాక, మంచాన్ని చూసి చెప్పాలి.

టార్చిలైటు, ఒక పాత ప్లాస్టిక్ కార్డు తీసుకుని పరుపు అంచు కుట్టులో, మంచం తలవైపు పలక వెనుక, మరమేకుల రంధ్రాల్లో, ప్లైవుడ్ సొరుగుల మూలల్లో నెమ్మదిగా గీసుకుంటూ వెళ్లండి. నల్లటి చుక్కలు కనిపిస్తే తడి దూదితో రుద్దండి. అవి ఎర్ర గోధుమ రంగులో అలుక్కుపోతే నల్లుల మలమే అనుకోవచ్చు. వాటి పక్కన విడిచిన పలచని పొరలు, సుమారు మిల్లీమీటరు పొడవున్న తెల్లని గుడ్లు ఉండవచ్చు. ఎదిగిన నల్లి ఇంచుమించు అవిసె గింజంత ఉంటుంది, రంగు కూడా అలాంటిదే.

పరుపు మార్చినా, మందు కొట్టినా తిరిగి వస్తున్నాయి

దీనికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. మొదటిది, పరుపు మారినా మంచం చట్రం మారలేదు. రెండవది, నల్లుల గుడ్లకు చాలా మందులు పనిచేయవు. అవి వారం పది రోజుల్లో పొదుగుతాయి, కాబట్టి ఒక్కసారి కొట్టిన మందు తరువాతి తరాన్ని తాకదు. మూడవది, డీడీటీకి, ఇళ్లలో ఎక్కువగా వాడే పైరెత్రాయిడ్ మందులకు నల్లులు చాలాచోట్ల తట్టుకునే శక్తిని సంపాదించుకున్నాయి.

వేడికి మాత్రం అవి అలవాటు పడలేదు. సుమారు 50 డిగ్రీల సెల్సియస్ వేడి లోపలిదాకా తగిలితే నల్లులు, పిల్లలు, గుడ్లు అన్నీ చస్తాయి. నులక మంచానికి, ఇనుప మంచానికి మన పెద్దలు మరుగుతున్న నీళ్లు పోసిన పద్ధతి ఈనాటికీ మంచిదే, అయితే అతుకుల్లోకి నీరు దిగాలి. ప్లైవుడ్ మంచం నీటికి ఉబ్బుతుంది గనుక దానికి ఆవిరి యంత్రమే తగినది. దాని మూతిని అతుకు వెంట చాలా నెమ్మదిగా నడపాలి, ఆవిరి బలంగా చిమ్మితే నల్లులు చెదిరిపోతాయి. దుప్పట్లను, దిండు గలీబులను 60 డిగ్రీల నీటిలో ఉతికి, ఆరాక ఇస్త్రీ చేయాలి. మందమైన పరుపును ఎండలో వేస్తే పైవైపు మాత్రమే వేడెక్కి నల్లులు చల్లని వైపుకు జరుగుతాయి, అందుచేత ఎండ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

తరువాత పగుళ్లను లప్పంతో పూడ్చి, మంచాన్ని గోడకు జానెడు దూరంగా జరిపి, చీమలకు పెట్టినట్టే కాళ్ల కింద సబ్బు నీటి గిన్నెలు పెట్టండి. ఉత్త నున్నని గిన్నె సరిపోదు, ఎందుకంటే మన వేడి ప్రాంతాల నల్లి నున్నని గోడనైనా ఎక్కగలదు. ఈ పనంతా 10 నుంచి 14 రోజుల తరువాత తప్పనిసరిగా మరోసారి చేయాలి.

పగలు సోఫాలో కూర్చున్నా కుడుతున్నాయి

సోఫాను తిరగేసి అడుగున కొట్టిన గుడ్డను ఊడదీయండి. గూడు చాలావరకు అక్కడి చెక్క అతుకుల్లోనే ఉంటుంది. ఆవిరి పట్టాక కొత్త గుడ్డ కొట్టించండి.

పక్క గదికి పాకాయి

బాధ భరించలేక పడక మార్చుకోవడం వల్ల, బట్టలు మూటగట్టకుండా మోసుకెళ్లడం వల్ల ఇలా జరుగుతుంది. మనిషి వదిలే ఊపిరి, ఒంటి వేడి నల్లులను రప్పిస్తాయి. శుభ్రం చేసే రోజుల్లో కూడా అదే మంచం మీద పడుకోవడం మంచిది, సామాను మాత్రం సంచుల్లో కట్టి కదపండి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ధాన్యం నిల్వలకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఇంట్లో పెట్టకండి, ఎవరినీ పెట్టనివ్వకండి. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు పక్క గదుల్లో నిద్రపోతున్నవారిని సైతం చంపింది. కిరోసిన్, పెట్రోలు పోయడం ఇల్లు తగలబెట్టుకోవడమే. నల్లి మనుషులకు రోగాలు అంటిస్తుందని రుజువు కాలేదు. దాన్ని వదిలించుకోవడానికి పిల్లల ప్రాణాన్ని పణంగా పెట్టవలసిన అవసరం లేదు.

రెండోసారి శుభ్రం చేశాక మంచానికి తెల్లని దుప్పటి పరిచి, వారానికోసారి చుక్కల కోసం, గిన్నెల్లో పడిన నల్లుల కోసం చూడండి. తిండి లేకుండా నెలల తరబడి బతికే పురుగు గనుక, వరసగా రెండు నెలలు ఏమీ కనిపించకపోతేనే గిన్నెలు తీయండి.