పాత రికార్డుల్లో సీమను చదవడం ఎలా

రాయలసీమలో ఊరి చరిత్ర వెతికేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది అప్పట్లో ఆ ఊరు ఏ జిల్లా కింద ఉండేదన్నది. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. అంతకు ముందటి పెనుకొండ, ధర్మవరం సంగతులు బళ్లారి కాగితాల్లో ఉంటాయి. కోవెలకుంట్ల, కంభం 1858 దాకా కడపవి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్లారివే. ఇది చూసుకోకపోతే లేని ఫైలు కోసం నెలలు పోతాయి.

తర్వాత, రాసినవాడి కొలువేమిటో చూడండి. 1800లో నిజాం తన దగ్గరున్న ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చుకింద ఈ నేలను కంపెనీకి వదిలేశాడు. 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న మన్రోకు పాలెగాళ్లను అణచాలి, శిస్తు రాబట్టాలి. ‘అదుపులేని సీమ’ అనే మాట ఆ అవసరంలోంచి వచ్చింది. 1875 కడప మాన్యువల్, 1905 అనంతపురం గెజిటీర్ లాంటి జిల్లా వివరాల పుస్తకాలు పాత సర్కారు కాగితాల మీదే ఆధారపడ్డాయి కాబట్టి, మూడు పుస్తకాల్లో ఉన్నంత మాత్రాన ముగ్గురు సాక్షులున్నట్టు కాదు. ఇప్పటి ఫ్యాక్షన్‌ను పాలెగాళ్లకు నేరుగా ముడిపెట్టేవాళ్లు తెలియకుండా ఆ పాత మాటనే మోస్తున్నారు.

నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి: సర్కారు ఏమంది, తర్వాతివాళ్లు ఏమన్నారు, అసలు తగాదా దేనిమీద. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విషయమే తీసుకోండి. మొదటి గడిలో తిరుగుబాటుదారు, రెండో గడిలో స్వాతంత్ర్య యోధుడు. మూడో గడి నింపడానికే ఎక్కువ కష్టపడాలి: సర్కారిచ్చే తవర్జీ (భరణం) మీద వివాదం, మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడుల (ఊరి కాపలా బంట్ల) కోపం. ఆయన్ను 1847లో ఉరితీసింది కోవెలకుంట్లలో. అంటే వెతకాల్సింది కడప కలెక్టరు ఉత్తరాల్లో.

జాతీయోద్యమ కాలపు రాతలనూ ఇలాగే జల్లెడ పట్టాలి. ‘దత్తమండలం’ (కంపెనీకి ఇచ్చేసిన నేల) అనిపించుకోవడం అవమానమని 1928లో నంద్యాల సభ ‘రాయలసీమ’ పేరు పెట్టుకుంది. ఆ గౌరవం న్యాయమైనదే. కానీ కృష్ణదేవరాయల నాడే ఈ ప్రాంతానికి ఆ పేరుందని రాస్తే తప్పు. వేదికమీది మాటల పక్కన కోస్తా, సీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడిక పెట్టుకుని చదవండి: నదీజలాల్లో సీమకు ప్రాధాన్యం, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని, హైకోర్టుల్లో ఒకటి. ఆంధ్ర ఐక్యతకు సీమ పెట్టిన షరతులు అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి.

కైఫీయత్తులు, అంటే ఊళ్లవారీగా రాయించిన స్థానిక చరిత్రలు, చివర్లో చూడండి. స్థానికుల గొంతు వాటిలో ఎక్కువ వినబడుతుంది, అయితే అడిగినవాళ్లు కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు, చెప్పినవాళ్లలో కరణాలు ఎక్కువ. చెరువులు, మాన్యాలు, గుళ్ల వివరాలు రాసుకోండి. వంశాల గొప్పలను మాత్రం శాసనాలతో సరిచూశాకే వాడండి.