పనుల మధ్యలోనే దేవుని సన్నిధి: రోజూ చేసుకోగల అభ్యాసం

ఆరాధనలో ఉప్పొంగిన మనసు సోమవారం మధ్యాహ్నానికే ఎండిపోతోందని చాలామంది బాధపడతారు. దేవుడు ఎక్కడికీ వెళ్లలేదు, మన ధ్యాసే పక్కకు పోయింది. దాన్ని రోజంతా ఆయన వైపు తిప్పుకుంటూ ఉండటమే అభ్యాసం. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు రోజూ ఇచ్చిన ఆహారం, మన్నా, మరునాటికి దాచుకుంటే పురుగు పట్టింది. నిన్నటి అనుభవమూ అంతే, ఈ రోజుకు సరిపోదు.

ఉదయం, ఫోన్ ముట్టుకోకముందు పది నిమిషాలు చాలు. ఏం చదవాలో రాత్రే గుర్తు పెట్టుకోండి, లేకపోతే పేజీలు తిప్పడంతోనే సమయం అయిపోతుంది. మొదలుపెట్టడానికి బైబిల్లోని 119వ కీర్తన బాగుంటుంది. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు, రోజుకొకటి. ఒకసారి మౌనంగా, ఒకసారి పైకి నెమ్మదిగా చదవండి. మనసుకు తగిలిన మాట దగ్గర ఆగి, దాన్నే ప్రార్థనగా మార్చండి. 23వ కీర్తనలో ‘యెహోవా నా కాపరి’ దగ్గర ఆగితే, ‘ప్రభువా, ఇవాళ్టి ఆ మీటింగులో నన్ను నడిపించు’ అనండి. రోజుకు నాలుగు అధ్యాయాలని పట్టుబట్టినవాళ్లు వారం తిరగకుండానే వెనకబడతారు, ఆ తర్వాత అపరాధ భావంతో బైబిలే తెరవరు. ఒక రోజు తప్పితే మరునాడు రెండింతలు చదవొద్దు, ఆ రోజు భాగం చదివితే చాలు.

పగలు ఒక్క ఊపిరిలో చెప్పగల ప్రార్థన కావాలి. లూకా సువార్త 18వ అధ్యాయంలో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, చేసిన ‘దేవా, పాపినైన నన్ను కరుణించుము’ అందుకు తగినది. ‘దేవా’ అంటూ ఊపిరి తీసుకుని, మిగతాది వదులుతూ చెప్పండి. ఎలాగూ చేసే మూడు పనులకు దీన్ని జత చేయండి: చేతులు కడుక్కోవడం, బండి స్టార్ట్ చేయడం, భోజనానికి కూర్చోవడం. దానియేలు ప్రవక్త కూడా రోజుకు మూడుసార్లే మోకరించేవాడు. 17వ శతాబ్దంలో పారిస్‌లోని కార్మెలైట్ అనే క్రైస్తవ సన్యాసుల మఠంలో వంటపని చేసిన బ్రదర్ లారెన్స్, ఆ వంటింట్లోనే దేవునితో మాట్లాడటం నేర్చుకున్నాడు. మనసు చెదిరితే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మళ్లీ తిరగండి, అంతే.

రాత్రి పది నిమిషాలు రోజును దేవుని ముందు పరచండి. 16వ శతాబ్దపు క్రైస్తవ గురువు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన క్రమం ఇది: కృతజ్ఞత, వెలుగు కోసం అడగడం, రోజును వరసగా తలుచుకోవడం, పశ్చాత్తాపం, రేపటి నిర్ణయం. ‘నా కోపం తగ్గించు’ అంటే గాలిలో కలిసిపోతుంది. ‘మధ్యాహ్నం తమ్ముణ్ని కసిరాను, క్షమించు, పొద్దున్నే మాట్లాడతాను’ అనండి. అక్కడే మార్పు మొదలవుతుంది.

ఎంత చేసినా ఏమీ అనిపించని రోజులు వస్తాయి. ముందు ఒళ్లు అలసిందేమో చూడండి. చచ్చిపోవాలనుకున్న ఏలీయా ప్రవక్తకు దేవుడు మొదట ఇచ్చింది నిద్ర, రెండుసార్లు భోజనం; దేవుని మెల్లని స్వరం ఆ తర్వాతే వినిపించింది. ఎవరితోనైనా తగవు మిగిలి ఉంటే, మత్తయి సువార్త 5వ అధ్యాయం చెప్పినట్టు ముందు వెళ్లి సమాధానపడండి. ఈ రెండూ కాకపోతే క్రమం మార్చకుండా కొనసాగండి. సొంత మాటలు రానప్పుడు 88వ కీర్తన చదవండి. అది చీకటిలోనే ముగుస్తుంది, అయినా అది ప్రార్థనే. దిగులు వారాల తరబడి వదలక, నిద్ర పట్టక, బతకాలని లేకపోతే మాత్రం ప్రార్థిస్తూనే వెంటనే డాక్టర్‌ను కలవండి, నమ్మకమైన ఒకరికి ఆ రోజే చెప్పండి.