పాత అలంకార కత్తిని గుర్తించడం, విలువ కట్టడం – 3వ పాఠం: పిడి

గత పాఠంలో అలుగును, అంటే కత్తి కోసే భాగాన్ని పరిశీలించాం. ఇప్పుడు పిడి దగ్గరకు వద్దాం. అలంకార కత్తిలో పనితనం ఎక్కువగా పిడిలోనూ ఒరలోనూ ఉంటుంది కనుక, పాత వస్తువుకు కొత్త భాగాలు అతికించేవారు ముందుగా చెయ్యి పెట్టేది కూడా అక్కడే.

మొదట పిడి దేనితో చేశారో తేల్చుకోవాలి. తెల్లగా ఉన్నదల్లా దంతం కాదు. పిడి కొసన అడ్డంగా కోసిన తలాన్ని ఏటవాలు వెలుతురులో, భూతద్దంతో చూడండి. ఏనుగు దంతమైతే ఒకదానినొకటి ఖండించుకునే వంపు గీతలు వలలా కనిపిస్తాయి. ఎముకలో ఆ వల ఉండదు. రక్తనాళాలు నడిచిన దారులు అడ్డుకోతలో సన్నని ముదురు చుక్కలుగా, పొడవు వైపు చిన్న గీట్లుగా మిగులుతాయి. సమాన దూరంలో తిన్నగా సాగే గీతలు తప్ప మరేమీ లేకపోతే అది సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్ కావచ్చు. ఆ పదార్థం 1870 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది కనుక, అలాంటి పిడి ఉన్న కత్తిని 18వ శతాబ్దానిదని చెబితే, పిడినైనా తర్వాత మార్చి ఉండాలి, లేదా ఆ మాటైనా తప్పై ఉండాలి. కాల్చిన సూదితో గుచ్చి చూడమనే సలహాను దయచేసి పాటించకండి: సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది, నిజమైన దంతం మీదనైతే మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇక బంగారు పని. ఉక్కు మీద అడ్డంగా, నిలువుగా సన్నని గాట్లు పెట్టి, వాటిపై బంగారు తీగను పరచి కొట్టి అతికించే పనిని కోఫ్త్‌గరీ అంటారు. చేతి రాపిడికి బంగారం అరిగిన చోట ఆ గాట్లు బయటపడతాయి. పాత వస్తువులో నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించే గుర్తు అదే. విద్యుత్తుతో వేసిన పూత అరిగితే కింద నున్నని లోహమే కనిపిస్తుంది. ఆ పద్ధతికి 1840లో పేటెంటు వచ్చింది. అయితే నున్నగా ఉన్నంత మాత్రాన కొత్తదని తీర్మానించకూడదు, ఎందుకంటే పాదరసంతో వేసే పాతకాలపు బంగారు మలామా (పూత) కూడా అలాగే అరుగుతుంది.

పిడి, అలుగు కలిసే చోట కొత్త జిగురు, రెండో జత రివెట్ రంధ్రాలు కనిపిస్తే అవి రెండూ వేరువేరు కత్తులవి కావచ్చు. విలువ అక్కడే బాగా పడిపోతుంది. మెరిసేలా రుద్దినా అంతే.

ధర కట్టేటప్పుడు అమ్మకందారులు అడిగే మొత్తాలను పక్కన పెట్టి, అదే రకం, అదే స్థితిలో ఉన్న కత్తులు వేలంలో నిజంగా అమ్ముడైన ధరలను చూడండి; వాటిలో వేలంసంస్థ రుసుము కలిసి ఉందో లేదో కూడా గమనించండి. దంతపు పిడి అయితే ధర కంటే ముందు చట్టాన్ని చూడాలి. ఆఫ్రికా ఏనుగును 1989లో సైటిస్ (అంతరించిపోతున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో, అంటే అత్యంత కఠిన రక్షణ ఉన్న జాబితాలో చేర్చిన తర్వాత, దంతపు వస్తువును దేశాలు దాటించి అమ్మడానికి కఠినమైన అడ్డంకులు ఏర్పడ్డాయి.

వచ్చే పాఠానికి ముందు, మీ దగ్గరున్న కత్తి పిడి కొసను, అతుకును, అరిగిన చోటును వేర్వేరుగా ఫొటో తీసి, ఒక్కొక్కదాని కింద మీకు కనిపించినది మాత్రమే రాసి పెట్టుకోండి.