టార్చి గొట్టం లీకు పట్టే సబ్బు నీళ్ళు

ఇంట్లో వెండి పని చేసేటప్పుడు అతుకు కోసం వేసే వెలిగారం (బోరాక్స్) పొగలో గ్యాస్ వాసన ఒక పట్టాన తెలియదు. అందుకే టార్చి (వెండిని అతికే గ్యాస్ మంట పరికరం) వెలిగించకముందే లీకు ఉందేమో ఇలా చూడండి. అర గ్లాసు నీళ్ళలో చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. టార్చి నాబ్ మూసి ఉంచి సిలిండర్ తెరవండి. రెగ్యులేటర్ దగ్గరా, గొట్టం క్లిప్పుల దగ్గరా, ముఖ్యంగా గొట్టం మడత పడేచోటా చిన్న బ్రష్షుతో ఈ నీళ్ళు రాయండి. బుడగలు ఒకదాని వెనక ఒకటి ఉబ్బుతుంటే అక్కడే లీకు. సిలిండర్ కట్టేసి, కిటికీలు తీసి, లీకైన భాగం మార్చాకే పని.

పని అయ్యాక ముందు సిలిండర్ కట్టండి. గొట్టంలో మిగిలిన గ్యాస్ కాలి మంట ఆరాక నాబ్ మూయండి.

ఆక్సిజన్ సిలిండర్‌కి మాత్రం ఈ సబ్బు నీళ్ళు వద్దు. జిడ్డు తగిలితే అంటుకునే ప్రమాదం ఉంది. దానికి వేరే ద్రావణం అమ్ముతారు.