లైవ్‌అబోర్డ్ డైవింగ్: నాలుగో రోజుకు సిద్ధం కావడం

పగడపు దిబ్బల మధ్య బోటులోనే తిని, పడుకుని, రోజుకు మూడు నాలుగు డైవ్‌లు చేసే యాత్రలో ఇబ్బందులు మొదటి రోజు కనిపించవు. ఒంట్లో నైట్రోజన్ రోజురోజుకూ పేరుకుంటుంది, చెవులు నానతాయి, నిద్ర తగ్గుతుంది. అందుకే నాలుగో రోజును దృష్టిలో పెట్టుకుని సామాను సర్దుకోవాలి.

రెగ్యులేటర్‌కు (సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే పరికరం) సర్వీసింగ్ చేయిస్తే బయల్దేరేలోపు ఒక్కసారైనా దాంతో నీళ్లలో దిగండి. సర్వీసింగ్‌లో జరిగిన పొరపాటు సాధారణంగా ఆ తర్వాతి డైవ్‌లోనే బయటపడుతుంది, నడిసముద్రంలో విడిభాగాలు దొరకవు. రెగ్యులేటర్‌ను బిగించే బోటు సిలిండర్ల వాల్వు యోక్ (బిగింపు చట్రం) రకమా, డిన్ (మరలు తిప్పే) రకమా ముందే కనుక్కోండి. ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు), మౌత్‌పీస్, జిప్‌టైలు, ఫిన్ పట్టీ, ఇంకో మాస్కు వెంట ఉండాలి. నీళ్లు 28 డిగ్రీలున్నా వరస డైవ్‌లకు ఒళ్లు చల్లబడుతుంది, 3 మి.మీ. సూట్‌తో పాటు హుడ్ కూడా పెట్టుకోండి.

మొదటి డైవ్‌లో బరువులు సరిచూసుకోవాలి. 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్ నిండుగా ఉన్నప్పటికంటే ఖాళీ అయ్యేసరికి రెండు కిలోలకు పైగా తేలికవుతుంది. కాబట్టి డైవ్ చివర, 50 బార్ మిగిలినప్పుడు, బీసీడీలో (గాలి నింపి తేలే జాకెట్) గాలంతా తీసేసి, మామూలుగా ఊపిరి పీల్చి ఆపి, నీటి ఉపరితలం దగ్గర కదలకుండా నిటారుగా ఉండండి. నీటి మట్టం కళ్ల దగ్గర ఉండాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. బరువు ఎక్కువైతే కాళ్లు కిందికి జారి ఫిన్స్ పగడాలకు తగులుతాయి. గుండ్రటి గట్టి పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. ఒక్క తన్నుకు విరిగేది ఎన్నేళ్ల పెరుగుదలో ఆలోచించండి.

నైట్రాక్స్ (మామూలు గాలి కంటే ఆక్సిజన్ ఎక్కువున్న మిశ్రమం) వాడితే మీ సిలిండర్‌ను మీరే పరీక్షించాలి, ఇంకొకరు చూశారని వదిలేయకూడదు. ముందుగా ఎనలైజర్‌ను (ఆక్సిజన్ శాతం కొలిచే పరికరం) మామూలు గాలిలో 20.9కి సరిచేసి, వాల్వు కొద్దిగా తెరిచి, అంకె నిలకడయ్యేదాకా ఆగండి. శాతం, గరిష్ఠ లోతు టేపు మీద రాసి అంటించండి. ఆక్సిజన్ పీడన పరిమితి 1.4 బార్ అనుకుంటే 32 శాతానికి 33 మీటర్లు, 36 శాతానికి 28 మీటర్లు. ఆ లోతు దాటితే ఏ హెచ్చరికా లేకుండా మూర్ఛ రావచ్చు. చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లో కూడా అదే శాతం ఉందో లేదో ప్రతి డైవ్ ముందూ చూడాలి.

దిబ్బల అంచున ప్రవాహం లాక్కుపోతే చిన్న పడవకు మీరు కనిపించాలంటే సర్ఫేస్ బాయ్ (గాలి నింపి నీటి పైకి వదిలే పొడవాటి గొట్టం) ఒక్కటే దిక్కు. కనీసం ఒకటిన్నర మీటర్ల పొడవుది కొనండి. 10 మీటర్ల లోతులో సగం నింపితే చాలు, పైకెళ్లేసరికి గాలి రెట్టింపై పూర్తిగా ఉబ్బుతుంది. బాయ్ తాడు చుట్టిన రీల్‌ను ఒంటికి తగిలించుకోవద్దు, అది ఇరుక్కుంటే బాయ్‌తో పాటు మిమ్మల్నీ పైకి లాగేస్తుంది.

ప్రతి డైవ్ తర్వాత చెవులను మంచినీళ్లతో కడిగి, తల పక్కకు వంచి ఆరనివ్వండి, పుల్లలు పెట్టొద్దు. మధ్యలో ఒక డైవ్ మానేసి పడుకోవడం ఏమాత్రం నష్టం కాదు.

బ్యాటరీలను రాత్రి క్యాబిన్‌లో ఛార్జింగ్‌లో ఉంచవద్దు. 2019 సెప్టెంబర్ 2న కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవ్ బోటు తెల్లవారుజామున తగలబడి 34 మంది చనిపోయారు, రాత్రి తిరుగుతూ చూసే కాపలా లేకపోవడం పెద్ద లోపంగా తేలింది. బోటెక్కిన సాయంత్రమే రాత్రి కాపలా ఎవరిదో అడగండి, క్యాబిన్ నుంచి బయటపడే రెండో దారి గుండా ఒకసారి నడిచి చూడండి.

పేరుకున్న నైట్రోజన్ బయటికి పోవడానికి చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలుండాలి, 24 ఉంచుకుంటే మంచిది. ఆ వ్యవధిలో సామాను కడిగి ఆరబెట్టండి. రెగ్యులేటర్ డస్ట్ క్యాప్‌ను తుడిచి బిగించాకే నీళ్లలో ముంచాలి. నీళ్లలో ఉండగా పర్జ్ బటన్ (నోటి దగ్గరి భాగంలో గాలిని బయటికి వదిలేది) నొక్కితే వాల్వు తెరుచుకుని, నీళ్లు హోస్ గుండా ఫస్ట్ స్టేజ్‌లోకి (సిలిండర్‌కు బిగించే భాగం) చేరి తుప్పు పట్టిస్తాయి.