కవిని సైకియాట్రిస్టు దగ్గరికి పంపే కామెడీ రాయాలంటే

బెంగళూరు మారతహళ్లిలో మేం నలుగురం తెలుగువాళ్లం వీకెండ్లలో షార్ట్ ఫిల్మ్‌లు తీస్తుంటాం. మొదటిసారి ఈ కథ రాసినప్పుడు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తా: కవి తలకి వైర్లు తగిలించాను, గిలగిలా కొట్టుకుంటుంటే నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. పైగా 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా షాక్ ట్రీట్‌మెంట్ చేయడమే నిషేధం. ఆ సీను చింపేయండి.

'పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట' అంటాం కదా, మొదటి సగం ధీమా, రెండో సగంలో దాని గాలి తీసేయడం, డైలాగులు కూడా అలాగే కట్టండి. డాక్టరు "నిద్ర పడుతోందా?" అంటే కవి "పడుతోందండీ, మా ఆవిడకి, నేను చదువుతుంటే" అంటాడు. డాక్టరు పెన్ను ఆపి, "ఎన్నో పద్యానికి?" అనాలి. ఆయనకీ నిద్ర లేదన్నమాట.

మాకు బాగా పేలింది మాత్రం రిజిస్ట్రేషన్ కౌంటర్ సీనే. క్లర్కు కన్నడంలో "ఏను కెలస?" (ఏం పని చేస్తావ్?) అంటాడు. మనవాడు ఛాతీ విరిచి "కవి" అంటాడు. క్లర్కు ఒక్కసారి తలెత్తి చూసి, ఫారంలో 'నిరుద్యోగి' అని రాసేస్తాడు. 'కవి', 'నిరుద్యోగి' రెండు మాటలూ తెలుగులోనూ కన్నడంలోనూ ఒకటే, సబ్‌టైటిల్ ఖర్చు లేదు.

కవి వద్దంటున్నా ఇంట్లోవాళ్లు ఆసుపత్రిలో చేర్పించేద్దాం అంటే ఊరికే కుదరదు, అదే చట్టం ప్రకారం ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి అవసరమేనని తేల్చాలి, అదీ మొదట 30 రోజుల దాకానే. దీన్ని వాడుకోండి: జబ్బు లేదని ఇద్దరూ ఒప్పుకుంటారు, గొడవంతా పద్యంలో యతి కుదిరిందా లేదా అన్నదాని మీదే.

1966 నాటి 'ఎ ఫైన్ మ్యాడ్‌నెస్' సినిమాలో షాన్ కానరీ వేసిన న్యూయార్కు కవికి మెదడు ఆపరేషనే చేసేస్తారు, అయినా మనిషి మారడు. ఇక్కడ ఇప్పుడు అలాంటి ఆపరేషన్‌కి రోగి అంగీకారంతోపాటు ఆ చట్టం కింద ఏర్పడ్డ మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతీ కావాలి. మన కవి అంగీకార పత్రం సీసపద్యంలో రాస్తానంటాడు, ఇక ఆ ఫైలు కదలదు.

షూటింగ్‌కి నిమ్హాన్స్ (బెంగళూరులోని పెద్ద మానసిక వైద్య ఆసుపత్రి) గేటు దగ్గరికి మాత్రం వెళ్లకండి, నిజంగా బాధతో వచ్చినవాళ్ల ముఖాలు ఫ్రేములో పడతాయి. ఫ్రెండు ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద రెండు ఫైళ్లు, ఒక స్టెతస్కోపు... స్టెత్ కూడా వద్దులెండి, మేం పెడితే కవి వేషం వేసినవాడు తన గుండె తనే వింటూ కూర్చున్నాడు.